మచ్చు

పగలు మిర్చి యార్డులో కాటా దగ్గర,
రాత్రి కోర్టు పక్కన బల్ల దగ్గర.
రెండు చోట్లా అదే నీలం పెన్ను.
నా పేరు నాగుల్ మీరా.
ఎంత సబ్బు రుద్దినా ఘాటు వేళ్ళని వదలదు;
నా స్కోరు పుస్తకం తిరగేసి
కళ్ళు నలుపుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

ఈ ఏడు మన గుంటూరు జట్టు ఆడపిల్లలు
జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు.
జీతం వెనకాలే శాతం వచ్చింది.
గోడ మీద కాగితం, కాగితం నిండా పేర్లు,
పేరు పక్కన అంకె, అంకె పక్కన చుక్క,
చుక్క తర్వాత ఇంకో అంకె.

దుర్గాభవాని పది వేస్తే ఐదు పడ్డాయి.
కెజియా పది వేస్తే నాలుగు.
"యాభై పెద్దదా, నలభై పెద్దదా?" అన్నాడు మేనేజరు
ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినట్టు.
బుట్ట కింద నుంచి ఐదు అంటే పది పాయింట్లు.
గీత బయట నుంచి నాలుగు అంటే పన్నెండు.
అయ్యా, బస్తాలు లెక్కపెట్టుకుని
ధర అడక్కుండా వెళ్ళిపోయే రైతుని
నేనింకా చూడలేదు.

ఒకరోజు కెజియా ఎగిరింది, మోచెయ్యి తగిలింది,
ఈల మోగింది.
బంతి రింగు అంచున తిరిగి తిరిగి బయట పడింది.
ఆ విసురు పుస్తకంలో ఎక్కదు.
పడి ఉంటే ఎక్కేది.
"ఇదేం న్యాయం మీరా బాబాయ్?"
న్యాయం కాదమ్మా, లెక్క.
కాటా మీద ఎవడో కాలు పెడితే
వాడి బరువు కాయల్లో కలపం కదా.

మొదటి మూడు మ్యాచుల్లో ఆ పిల్ల శాతం అరవై.
పేపర్లో ఫోటో వేశారు.
బ్రాడీపేటలో టీ కొట్టువాడు డబ్బులు వద్దన్నాడు.
నేనేం మాట్లాడలేదు.
బస్తా మూతి దగ్గర మెరిసే ఎరుపు చూసి ధర కట్టి,
అడుగున తాలు చూసి నెత్తి కొట్టుకున్నవాళ్ళని
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను.
పిడికెడు మచ్చు బస్తాని పొగుడుతుంది,
లేదా తిడుతుంది.
బస్తా గురించి మాత్రం చెప్పదు.
తర్వాత మూడు మ్యాచుల్లో ఇరవై.
టీ కొట్టువాడు చిల్లర లేదన్నాడు.

ఇంకోటుంది.
గంట మోగడానికి రెండు సెకన్లు, బంతి సగం గీతకి ఇవతల.
ఇక్కడ చాలామంది తెలివిగా ఉంటారు.
మోగేదాకా బంతిని నిమిరి
మోగాక విసురుతారు.
చప్పట్లకి చప్పట్లు, శాతానికి శాతం.
కెజియా మోగకముందే విసురుతుంది.
సీజనంతా పదకొండు సార్లు. ఒక్కటీ పడలేదు.
ఒకటి బోర్డు దాటి వెళ్ళి పావురాల్ని లేపింది.
పదకొండూ తప్పుల గడిలో
నా చేత్తో నేనే రాశాను.
రాసి, పక్కన చిన్న చుక్క పెట్టాను,
రూల్సులో లేని చుక్క.

నూటముప్పై ఒకటికి నలభై. ముప్పైన్నర శాతం.
ఆ పదకొండూ తీస్తే నూటఇరవైకి నలభై,
మూడింట ఒకటి.
దూరం నుంచి మూడింట ఒకటి
దగ్గర నుంచి రెండింట ఒకటితో సమానమని
కాటా కుర్రాడు కూడా వేళ్ళ మీద చెప్తాడు.

వచ్చే ఏడాది జాబితాలో
మేనేజరు ముప్పై రెండు కింద ఎర్ర గీత గీశాడు.
పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాను.
"ఈ చుక్కలేంటి, సిరా కారిందా?"
కాదండీ, అన్నాను.
ఆపైన మాట పెగల్లేదు.
ఇన్నేళ్ళలో అందరూ నన్ను ఎంత అని అడిగారు,
ఎందుకు అని ఎవరడిగారు?

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
మొదటి మ్యాచు, మొదటి పేజీ, మొదటి చుక్క.
బయట కోర్టులో బంతి చప్పుడు,
ఒక్కతే ఆడుతున్నట్టుంది,
ఎన్ని పడుతున్నాయో నేను లెక్కపెట్టలేదు.

ముప్పై ఏడో పేజీ తిప్పి
మేనేజరు కన్ను నలుపుకున్నాడు.
ఘాటు అనుకుంటా.